అఖండ దీపం – అమూర్త వర్గం

గోదావరి డెల్టాలో రామచంద్రపురానికి చేరువగా ద్రాక్షారామ క్షేత్రం ఉన్నది. పంచారామాలలో ఒకటిగా, భీమేశ్వరుని నిలయంగా, మాణిక్యాంబ కొలువైన శక్తిపీఠంగా ఇది ప్రసిద్ధి పొందింది. చాళుక్య భీముడు ఈ ఆలయాన్ని నిర్మించాడని ప్రతీతి. శ్రీనాథ మహాకవి 'భీమేశ్వర పురాణం'లో ఈ క్షేత్ర మహిమను వర్ణించాడు. రెండంతస్తుల గర్భాలయం, అందులో నిలువెత్తును మించిన శివలింగం యాత్రికులను ఆకర్షిస్తాయి. అయితే చరిత్రకారులను ఆకర్షించేవి ఈ ఆలయపు గోడలు, స్తంభాలు. వాటి మీద వందలాది శాసనాలు చెక్కి ఉన్నాయి. తెలుగులో, సంస్కృతంలో ఉన్న ఈ శాసనాలలో పెక్కింటిని 'దక్షిణ భారత శాసనాలు' అనే గ్రంథమాల నాలుగవ సంపుటంలో 1923లో ప్రకటించారు.

ఈ శాసనాలలో యుద్ధ విజయాల ప్రస్తావనలు లేకపోలేదు. కాని వాటిలో మాటిమాటికీ కనిపించేది ఒక దీపం. రాజులు, రాణులు, మంత్రులు, దండనాయకులు, వర్తకులు, సామాన్య గృహస్థులు భీమేశ్వరునికి అఖండ దీపాలను సమర్పించి, ఆ సంగతిని రాతి మీద చెక్కించారు. అఖండ దీపమంటే రేయింబవళ్లు కొండెక్కకుండా వెలిగే దీపం. అది ఆచంద్రార్కం, అనగా చంద్రసూర్యులు ఉన్నంత కాలం వెలగాలని దాతల కోరిక.

దీపాన్ని వెలిగించడం ఒక్క క్షణం పని. దానిని నిలపడం తరతరాల పని. దాత మరణించిన తరువాత ఆ దీపంలో నేయి ఎవరు పోయాలి? ఆ నేయి ఎక్కడి నుండి రావాలి? రోజుకు ఎంత పోయాలి? ఈ ప్రశ్నలకు సమాధానం లేని దానం ఎంత భక్తితో చేసినదైనా కొన్నాళ్లకే ఆరిపోతుంది. అందుచేత దీపదాన శాసనానికి ఒక చట్రం ఏర్పడింది. ఆ చట్రాన్ని అర్థం చేసుకొన్న విద్యార్థికి నేటి కంప్యూటర్ శాస్త్రంలోని ఒక ముఖ్యభావన సులభంగా బోధపడుతుంది. దాని పేరు అబ్‌స్ట్రాక్ట్ క్లాస్. తెలుగులో దానిని 'అమూర్త వర్గం' అనవచ్చు.

శాసనపు చట్రం

ద్రాక్షారామంలోని దీపదాన శాసనాలను వరుసగా చదివితే ఒక క్రమం కనిపిస్తుంది. మొదట స్వస్తి వాచకం. తరువాత కాలం: శక సంవత్సరమో, రాజు పాలనా సంవత్సరమో, కొన్నింట రెండూ. ఉత్తరాయణ సంక్రాంతి, విషువ సంక్రాంతి, గ్రహణం వంటి పుణ్యకాలాలను పేర్కొనడం కూడ ఉంది. ఆపైన దాత పేరు, ఊరు, వంశం. అటుపిమ్మట దానం చేసిన వస్తువు: పశువులు, భూమి, మాడలు. ఆ తరువాత దీప నిర్వహణ. చివరకు ఈ ధర్మాన్ని చెరిచినవారికి కలిగే పాపాన్ని చెప్పే శాపోక్తి.

అన్ని శాసనాలూ ఈ వరుసను అక్షరాలా పాటించవు. కొన్ని క్లుప్తంగా ఉంటాయి, కొన్ని పద్యాలలో ఉంటాయి. అయినా చట్రం మాత్రం గుర్తించదగినంత స్థిరంగా ఉన్నది.

ఇందులో దీప నిర్వహణకు సంబంధించిన భాగం మిక్కిలి ఆసక్తికరమైనది. పశువులను దానం చేసినప్పుడు వాటిని ఒక బోయకు, అనగా పశుపోషకునికి అప్పగించేవారు. ఆ పశువులను స్వీకరించినవాడు నిత్యం మానెడు నేయి దీపానికి పోయాలి. ఆ బాధ్యత అతనితో ముగియదు. అది 'పుత్రపౌత్రికం', అంటే కొడుకులకు, మనుమలకు సంక్రమించేది. ఇక్కడ వారసత్వమంటే మంద మాత్రమే కాదు, నేయి పోయవలసిన బాధ్యత కూడ. ఆస్తితో పాటు అప్పు కూడ వస్తుందన్న ఈ సంగతిని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఈ పాఠానికి ఇదే కీలకం.

వర్గం – వస్తువు

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అనే విధానంలో ప్రోగ్రామును వస్తువుల సముదాయంగా భావిస్తారు. ప్రతి వస్తువుకు కొన్ని గుణాలు, కొన్ని పనులు ఉంటాయి. ఒకే తీరు గుణాలు, పనులు గల వస్తువులకు మూలమైన నమూనాను క్లాస్ లేదా వర్గం అంటారు. వర్గం నమూనా, వస్తువు దాని నుండి రూపొందిన వ్యక్తి. న్యాయశాస్త్రం చేసిన జాతి–వ్యక్తి విభాగం ఇక్కడ జ్ఞాపకానికి వస్తుంది. గోత్వం జాతి, పెరట్లో కట్టివేసిన ఆవు వ్యక్తి. పాలిచ్చేది ఆవే గాని గోత్వం కాదు.

ఒక వర్గం నుండి మరొక వర్గాన్ని రూపొందించడం వారసత్వం. మూలమైనది తల్లి వర్గం, దాని నుండి పుట్టినది ఉపవర్గం. తల్లి వర్గంలోని గుణాలు, పనులు ఉపవర్గానికి వాటంతట అవే సంక్రమిస్తాయి. ఉపవర్గం వాటికి కొత్తవి చేర్చుకోవచ్చు, ఉన్నవాటిని తన అవసరానికి తగినట్లు మార్చుకోవచ్చు.

అమూర్త వర్గమంటే ఏమిటి?

ఇప్పుడు దీపదానాలను లెక్కించే ప్రోగ్రామును ఒక విద్యార్థి రాస్తున్నాడని అనుకొందాం. అతడు మొదట 'దీపదానం' అనే వర్గాన్ని రూపొందిస్తాడు. దాత పేరు, కాలం అందులోని గుణాలు. శాపోక్తిని పలికించడం అన్ని దానాలకు సమానమైన పని కనుక దానిని ఇక్కడే పూర్తిగా రాసివేస్తాడు. మరి 'నేయి సమకూర్చడం' అనే పని సంగతి ఏమిటి?

పశుదానమైతే నేయి మంద నుండి రావాలి. భూదానమైతే పొలం పంట నుండి రావాలి. ధనదానమైతే నిధి నుండి రావాలి. ఈ మూడింటికీ సరిపోయే పద్ధతి ఏదీ లేదు. కాని ఈ పని లేని దీపదానమూ లేదు. పని తప్పనిసరి, దానిని చేసే తీరు మాత్రం ఇంకా తెలియదు.

ఇటువంటి సందర్భంలో తల్లి వర్గంలో ఆ పనికి పేరు మాత్రం పెట్టి, శరీరాన్ని రాయకుండా విడిచిపెట్టవచ్చు. అలా పేరు మాత్రమే ప్రకటించిన పనిని అమూర్త విధి అంటారు. ఉపవర్గం పూరించక తప్పని ఇటువంటి ఖాళీని ఉంచుకొన్న వర్గమే అమూర్త వర్గం. దానిని ఇలా చూపవచ్చు.

అమూర్త వర్గం: దీపదానం
గుణాలు: దాత పేరు, కాలం
పూర్తిగా రాసిన పని: శాపోక్తి పలికించు
పేరు మాత్రమే గల పని: నేయి సమకూర్చు

ఉపవర్గం: పశుదానం – మంద నుండి నేయి సమకూర్చు
ఉపవర్గం: భూదానం – పంట నుండి నేయి సమకూర్చు
ఉపవర్గం: ధనదానం – నిధి నుండి నేయి సమకూర్చు

ఈ వర్గానికి రెండు నియమాలు వర్తిస్తాయి. మొదటిది, అమూర్త వర్గం నుండి నేరుగా వస్తువును సృష్టించరాదు. ద్రాక్షారామంలో పశుదానం ఉన్నది, భూదానం ఉన్నది. ఇటువంటి ఆధారం ఏదీ లేని 'ఉత్త దీపదానం' దీపాన్ని నిలపలేదు. రెండవది, వస్తువులను సృష్టించదలచిన ఉపవర్గం ఆ ఖాళీలన్నింటినీ పూరించాలి. పూరించకపోతే అది కూడ అమూర్తంగానే మిగిలిపోతుంది.

తెలుగు వ్యాకరణం చదివిన విద్యార్థికి ఈ మొదటి నియమం కొత్త కాదు. 'రామ' అనేది ప్రాతిపదిక. దానికి అర్థం ఉన్నది, కాని విభక్తి చేరనంతవరకు అది వాక్యంలో ప్రయోగానికి తగిన పదం కాదు. ప్రత్యయం చేరి 'రాముడు', 'రాముని', 'రామునికి' అని రూపొందినప్పుడే వాక్యంలో నిలబడుతుంది. వాక్యంలో నేరుగా కనిపించని ఆ ప్రాతిపదిక లేకుండా ఈ రూపాలలో ఒక్కటీ పుట్టదు. అమూర్త వర్గం స్థానమూ అటువంటిదే.

పూర్వులకు కంప్యూటర్ శాస్త్రం తెలుసునని చెప్పడం ఈ పోలికల ఉద్దేశం కాదు. అనేక వ్యక్తులలోని సామాన్యాన్ని వేరుచేసి చూడడం మానవుని బుద్ధికి సహజం. వ్యాకరణంలోను, శాసనంలోను, ప్రోగ్రాములోను ఆ బుద్ధే పనిచేస్తున్నదని గ్రహిస్తే చాలు.

మూసిన ఖాళీ, తెరచిన ఖాళీ

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. తల్లి వర్గంలో ఖాళీ ఉంచడం కంటె, ఏదో ఒక తాత్కాలికమైన సమాధానం రాసిపెట్టవచ్చు గదా? ఉదాహరణకు, నేయి 'సున్నా' అని రాస్తే ఏమవుతుంది?

దీనికి సమాధానం విద్యార్థుల జీవితానికి దగ్గరగా ఉన్న ఒక ఊహాత్మకమైన ఉదాహరణలో దొరుకుతుంది. ఒక కళాశాలలో ఉపకార వేతనాలను లెక్కించే ప్రోగ్రాము ఉన్నదనుకొందాం. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి. గ్రూపులకు వేరువేరు లెక్కలు ఉన్నాయి. తల్లి వర్గంలో ఉపకార వేతనం సున్నా అని రాసి, ప్రతి గ్రూపు ఉపవర్గంలో అసలు లెక్కను రాశారు. మరుసటి సంవత్సరం ఒక కొత్త కోర్సు వచ్చింది. దానికి ఉపవర్గాన్ని చేర్చిన ఉద్యోగి లెక్కను రాయడం మరచిపోయాడు. అప్పుడు ప్రోగ్రాము ఆగదు, తప్పు ఉన్నదని చెప్పదు. తల్లి వర్గం నుండి సంక్రమించిన సున్నాను నిశ్శబ్దంగా వాడుకొంటుంది. జాబితాలో ఆ కోర్సు విద్యార్థులందరి పేర్లూ ఉంటాయి, పేర్ల ఎదుట సున్నాలూ ఉంటాయి. ఆ డబ్బుతో పరీక్ష ఫీజు కట్టవలసిన విద్యార్థి కార్యాలయం చుట్టూ తిరిగితే, 'కంప్యూటరులో అలాగే ఉంది' అన్న సమాధానం వస్తుంది. తప్పు ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు.

అదే పనిని అమూర్తంగా ప్రకటించి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. జావా వంటి భాషలో, ప్రోగ్రామును యంత్రానికి అనువైన రూపంలోకి మార్చే కంపైలర్, లెక్క రాయని ఉపవర్గాన్ని చూడగానే అభ్యంతరం చెబుతుంది. ఉద్యోగి తన బల్ల దగ్గరే ఆ పొరపాటును సరిదిద్దుకొంటాడు. ఒక విద్యార్థి నెలల తరబడి పడవలసిన కష్టం ఒక్క నిమిషంలో తప్పిపోతుంది.

తెరచి ఉంచిన ఖాళీ 'నన్ను పూరించు' అని అడుగుతుంది. సున్నాతో మూసిన ఖాళీ అడగదు. తెలియని చోట తెలిసినట్లు నటించకుండా, ఇక్కడ ఒకటి రావలసి ఉన్నదని స్పష్టంగా చెప్పడమే అమూర్త వర్గం చేసే ఉపకారం.

భావన ఎదిగిన తీరు

వర్గం, ఉపవర్గం అనే భావనలను ప్రోగ్రామింగులోకి తెచ్చినవారు నార్వే దేశస్థులైన ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్. ఆస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో వారు రూపొందించిన 'సిములా 67' భాషలో వర్గాలు, వారసత్వం ఉన్నాయి. తల్లి వర్గంలో పేరు పెట్టిన పనికి ఉపవర్గంలో రూపమిచ్చే ఏర్పాటు కూడ అందులో ఉన్నది. ఈ కృషికి వారిద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

1970లలో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో అలన్ కే బృందం స్మాల్‌టాక్ భాషను తయారుచేసింది. అందులో అమూర్త విధిని రాయదలచినవారు, ఆ పని శరీరంలో 'ఇది ఉపవర్గపు బాధ్యత' అనే అర్థం గల ఆజ్ఞను రాసేవారు. ఉపవర్గం ఆ బాధ్యతను మరచిపోతే, ప్రోగ్రాము నడుస్తూ ఆ పనిని పిలిచిన క్షణాన తప్పు బయటపడుతుంది.

బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో ప్రారంభించిన కృషి సి ప్లస్ ప్లస్ భాషగా పరిణమించింది. 1989లో వెలువడిన దాని 2.0 రూపంలో అమూర్త వర్గాలు చేరాయి. ఆ భాషలో విధి ప్రకటన చివర 'సున్నాకు సమానం' అనే గుర్తు ఉంచితే అది అమూర్తమవుతుంది. ఈ సున్నా ఒక విలువ కాదు, శరీరం ఉపవర్గంలో రావాలనడానికి సంకేతం. 1995లో వెలువడిన జావాలో 'అబ్‌స్ట్రాక్ట్' అనే మాటనే నేరుగా వాడతారు. 2008లో వచ్చిన పైథాన్ 2.6, 3.0 రూపాలలో అమూర్త వర్గాలకు ప్రత్యేకమైన ఏర్పాటు జరిగింది. అక్కడ ఖాళీని పూరించని ఉపవర్గం నుండి వస్తువును సృష్టించబోయినప్పుడు తప్పు తెలుస్తుంది.

ఈ భేదం ముఖ్యమైనది. పొరపాటు జావాలో ప్రోగ్రామును తయారుచేసేటప్పుడు, పైథాన్‌లో వస్తువును సృష్టించేటప్పుడు, స్మాల్‌టాక్‌లో పనిని పిలిచేటప్పుడు బయటపడుతుంది. పొరపాటు ఎంత ముందుగా తెలిస్తే నష్టం అంత తక్కువ. శాసనం చెక్కకముందే నేయి పోసేవాడెవడని అడగడానికి, దీపం ఆరిన రాత్రి అడగడానికి గల తేడా ఇదే.

ఒకే పిలుపు, పలు రూపాలు

అమూర్త వర్గం వలన మరొక ప్రయోజనం ఉన్నది. ఆలయంలోని దీపాలన్నింటినీ పర్యవేక్షించే ఒక అధికారిని ఊహించుకొందాం. ఏ దీపం వెనుక మంద ఉన్నదో, ఏ దీపం వెనుక పొలం ఉన్నదో అతడు తెలుసుకోనక్కరలేదు. ప్రతి దానాన్నీ 'నేయి సమకూర్చు' అని ఒకే మాటతో పిలుస్తాడు. పశుదానం తన పద్ధతిలో, భూదానం తన పద్ధతిలో స్పందిస్తాయి. దీనినే బహురూపత అంటారు. రేపు మరొక రకమైన దానం వచ్చినా అధికారి తన పద్ధతిని మార్చుకోనక్కరలేదు. కొత్త ఉపవర్గం ఖాళీని పూరిస్తే చాలును.

పనుల క్రమాన్ని తల్లి వర్గం స్థిరపరచి, అందులోని కొన్ని మెట్లను మాత్రం ఉపవర్గాలకు విడిచిపెట్టడం కూడ కలదు. స్వస్తి వాచకంతో మొదలై శాపోక్తితో ముగిసే వరుస తల్లి వర్గంలో ఉంటుంది. నడిమి వివరాలు ఉపవర్గాలలో ఉంటాయి. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ అనే నలుగురు శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించిన 'డిజైన్ ప్యాటర్న్స్' గ్రంథంలో ఈ పద్ధతిని 'టెంప్లేట్ మెథడ్' అనే పేరుతో వివరించారు.

అమూర్త వర్గానికి దగ్గరి చుట్టం ఇంటర్‌ఫేస్. అమూర్త వర్గం తన ఉపవర్గానికి కొంత మూలధనాన్ని, కొంత బాధ్యతను ఇస్తుంది. ఇంటర్‌ఫేస్ ప్రధానంగా బాధ్యతనే ఇస్తుంది. జావాలో ఒక వర్గానికి తల్లి వర్గం ఒకటే ఉంటుంది, కాని అది ఎన్ని ఇంటర్‌ఫేస్‌లనైనా అంగీకరించవచ్చు. 2014లో వెలువడిన జావా 8 నుండి ఇంటర్‌ఫేస్‌లో కూడ కొన్ని పనులకు ముందుగానే శరీరం రాసే వీలు కలిగింది. అయినా వస్తువుల మార్పుచెందే గుణాలను దాచుకోవలసినప్పుడు అమూర్త వర్గమే తగినది.

కంపైలర్ చూడలేనిది

అమూర్త వర్గానికి పరిమితులు లేకపోలేదు. ఖాళీని పూరించారా లేదా అని మాత్రమే కంపైలర్ చూడగలదు. సరిగా పూరించారా అన్నది దానికి తెలియదు. 'నేయి సమకూర్చు' అనే చోట నీరు పోసే పనిని రాసినా అది అంగీకరిస్తుంది. తల్లి వర్గపు వస్తువును ఆశించిన చోట ఉపవర్గపు వస్తువును ఉంచినా ప్రోగ్రాము నమ్మకం చెడకూడదని బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో ప్రతిపాదించారు. ఆ సూత్రం ఆమె పేరుతోనే ప్రసిద్ధమైంది. దానిని పాటించవలసింది ప్రోగ్రాము రాసే మనిషే.

వారసత్వాన్ని అతిగా వాడడం కూడ మంచిది కాదు. తల్లి వర్గంలో చేసిన ఒక చిన్న మార్పు ఉపవర్గాలన్నింటి మీద ప్రభావం చూపుతుంది. నిజమైన సామాన్య ధర్మం ఉన్నచోటనే తల్లి వర్గాన్ని నిర్మించాలి. రెండు వస్తువులు పైకి ఒకేలా కనిపించినంత మాత్రాన వాటిని తోబుట్టువులుగా భావించరాదు.

శాసనానికి కూడ ఈ పరిమితి ఉన్నది. బోయ పేరు రాతి మీద చెక్కించవచ్చు గాని, అతని మనుమని చేత నేయి పోయించడం రాతి వలన కాదు. దాతలకు ఆ సంగతి తెలుసు. చివరను శాపోక్తి చేర్చడం అందుకే. రాయి చేయగలిగినదల్లా బాధ్యతను మరుగుపడకుండా నిలపడం. ఎవరు, దేనితో, ఎంత, ఎన్నాళ్లు అన్న ప్రశ్నలకు నేటికీ ఆ రాళ్లు సమాధానం చెబుతున్నాయి.

రేపు ప్రోగ్రాములు రాయబోయే విద్యార్థులు ద్రాక్షారామానికి వెళ్లినప్పుడు ఆ స్తంభాల దగ్గర కొంతసేపు ఆగి చూడాలి. రానున్నవారు చేయవలసిన పనిని ముందుగా ఊహించి, దాని పేరును స్పష్టంగా చెప్పి, పూరించక తప్పని చోటును వారి కోసం విడిచిపెట్టడం ఒక విద్య. ఆ విద్యను అక్కడ ఉలితో అభ్యసించారు, ఇప్పుడు కీబోర్డు మీద అభ్యసిస్తున్నారు. దీపమైనా, ప్రోగ్రామైనా తనను వెలిగించినవారి తరువాత కూడ నిలవాలంటే, ఎవరి బాధ్యత ఏమిటో మొదటి రోజునే రాసిపెట్టాలి.